చిన్న డబ్బా కంప్యూటర్‌కి రెండు 4కె మానిటర్లు: తెలుగు అక్షరంతో పని ఉన్నవాళ్లకి ఏవి మేలు?

రోజంతా తెలుగు అక్షరంతోనే పని చేసే దస్తావేజు లేఖరులు, డీటీపీ సెంటర్లు, పెళ్లి కార్డుల ప్రెస్సులు మినీ పీసీకి తగిలించుకోవాల్సింది 27 అంగుళాల 4కె (3840×2160) ఐపీఎస్ మానిటర్లు రెండు. ఐపీఎస్ అంటే పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం తెర. రెండూ ఒకే మోడల్ అయి ఉండాలి. 34 అంగుళాల వంపు తెర చూడ్డానికి బాగుంటుంది గానీ, దాంట్లో అంగుళానికి వచ్చేది 110 పిక్సెళ్లే (బొమ్మని కూర్చే చుక్కలు). 165 హెర్ట్జ్ (సెకనుకి 165 సార్లు బొమ్మ మార్చే) గేమింగ్ మానిటర్‌కి పెట్టే అదనపు డబ్బు ఈ పనికి అక్కరకు రాదు. ఖర్చు పెట్టాల్సింది చుక్కల సాంద్రత మీద. ఆ తర్వాత మంచి కేబుళ్ల మీద.

ఎందుకో తెలియాలంటే ఒక మాట టైపు చేసి చూడండి: అర్థం, అర్ధం. మొదటిదానికి భావం, రెండోదానికి సగం. తేడా అంతా థకారం కడుపులో ఉన్న చిన్న చుక్కలో ఉంది. అదీ ఇక్కడ వత్తుగా మారి కిందికి దిగి, ఇంకా చిన్నదైపోతుంది. భాగపంపకం దస్తావేజులో ‘అర్ధభాగం’ అని ఉండాల్సిన చోట ‘అర్థభాగం’ పడితే కళ్లతో పట్టుకోవాలి, స్పెల్‌చెక్ పట్టుకోదు. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కదా.

24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి 92 పిక్సెళ్లు. అందులో 9 పాయింట్ల అక్షరానికి దక్కే ఎత్తు 12 పిక్సెళ్లు. ఆ పన్నెండులోనే తలకట్టు, అక్షరం, కింద వత్తు అన్నీ ఇరుక్కోవాలి. వత్తుకి మిగిలేది నాలుగైదు పిక్సెళ్లు. అంత చోటులో థ వత్తులోని చుక్క మసకగా కలిసిపోతుంది. 27 అంగుళాల 4కె తెరలో అంగుళానికి 163 పిక్సెళ్లు. విండోస్‌లో స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మల సైజు పెంచే సెట్టింగ్) 175 శాతం పెడితే అదే అక్షరం కంటికి అంతే సైజులో కనిపిస్తుంది, కానీ ఎత్తు 21 పిక్సెళ్లు అవుతుంది. అంటే అంతే చోటులో మూడు రెట్ల చుక్కలు. ‘స్త్రీ’లో కింద ఉన్న త వత్తు, ర వత్తు విడివిడిగా కనపడతాయి. ఇంగ్లీషు అక్షరానికి కింద వత్తుల బరువు లేదు. అందుకే ఇంగ్లీషు రివ్యూల్లో ‘27 అంగుళాలకి 2560×1440 చాలు’ అని రాస్తారు. అది 109 పిక్సెళ్ల తెర. ఇంగ్లీషుకి నిజంగానే చాలు, తెలుగుకి చాలదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పాత లింకు డాక్యుమెంట్ల (ఆస్తి ముందు చేతులు మారినప్పటి దస్తావేజుల) స్కాన్లు తక్కువ రిజల్యూషన్‌లో ఉంటే 4కె తెర వాటిని బాగు చేయలేదు. మసక మసకగానే ఉంటుంది.

ఇక 27 అంగుళాలే ఎందుకంటే, ఆ తెర కనిపించే భాగం సుమారు 59.7 సెంటీమీటర్ల వెడల్పు, 33.6 సెంటీమీటర్ల ఎత్తు. ఏ4 కాగితం ఎత్తు 29.7. కాబట్టి నిండు పేజీ అసలు సైజులో, టాస్క్‌బార్ పోను కూడా పడుతుంది. పక్కపక్కన రెండు పేజీలు పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. 24 అంగుళాల తెర ఎత్తు సరిగ్గా ఏ4 అంతే, టాస్క్‌బార్, మెనూ తీసేస్తే పేజీ పట్టదు. అయితే రిజిస్ట్రేషన్ పనివాళ్లు వాడే లీగల్ సైజు 35.6 సెంటీమీటర్లు. తెర అడ్డంగా ఉంటే 27 అంగుళాల్లో కూడా అది పట్టదు. దస్తావేజులు రాసేవాళ్లు రెండో మానిటర్‌ని నిలువుగా తిప్పుకోవడం మంచిది. నిలువున 59.7 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి పేజీ మొత్తం, దాని కింద తర్వాతి పేజీ సగానికి పైగా కనపడుతుంది. కాబట్టి కొనే ముందు స్టాండు తిరుగుతుందా లేదా అన్నది చూడాలి. 32 అంగుళాల 4కెలో సాంద్రత 138కి పడిపోతుంది. రెండు అడుగుల లోతు బల్ల మీద అది మొహం మీదకొచ్చినట్టు ఉంటుంది, రెండు పెడితే మెడ తిప్పుతూనే ఉండాలి.

మోడళ్ల విషయానికొస్తే, మూడు రకాలు పోల్చి చూడదగ్గవి.

ఎల్‌జీ 27యూఎల్500. అంకెల్లో చూస్తే 300 నిట్లు (కాంతి కొలత), 1000:1 కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా), ఎస్‌ఆర్‌జీబీ (మామూలు ఫొటోల రంగుల పరిధి) 98 శాతం. బొమ్మ అందుకునే పోర్టులు రెండు హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్ ఉన్నాయి. అక్షరం స్పష్టతలో ఖరీదైన వాటికి ఏమాత్రం తీసిపోదు. లోటల్లా స్టాండులో ఉంది. ముందుకీ వెనక్కీ వంగుతుంది, ఎత్తు పెరగదు, నిలువుగా తిరగదు. వెనక 100×100 మిల్లీమీటర్ల దూరంలో మరరంధ్రాలు ఉన్నాయి కాబట్టి ఆర్మ్ (బల్లకి బిగించే కదిలే చేయి) కొని బిగిస్తే ఆ లోటు పోతుంది. కానీ ఆ ఆర్మ్ ధర కలిపి లెక్క వేసుకోవాలి.

డెల్ ఎస్2721క్యూఎస్ 350 నిట్లు, 1300:1, ఎస్‌ఆర్‌జీబీ 99 శాతం. స్టాండు ఎత్తు సర్దుకోవచ్చు, నిలువుగా తిప్పుకోవచ్చు. లోపల 3 వాట్ల స్పీకర్లు రెండు ఉన్నాయి, ఫోన్ కాల్‌కి పనికొస్తాయి. యూఎస్‌బీ పోర్టులు అసలు లేవు. ఎక్కువ మందికి సరిపోయే జత ఇదే. దీని తర్వాత వచ్చిన ఎస్2725క్యూఎస్‌లో 120 హెర్ట్జ్, 1500:1 ఉన్నాయి. రెండింటి ధర దగ్గర దగ్గరగా దొరికితే కొత్తదే తీసుకోండి. పేజీ స్క్రోల్ చేసేటప్పుడు అక్షరం తక్కువ చెదురుతుంది.

డెల్ యు2723క్యూఈ వేరే తరగతి. ఐపీఎస్ బ్లాక్ ప్యానెల్, 2000:1 కాంట్రాస్ట్, 400 నిట్లు, డీసీఐ-పీ3 (ఎస్‌ఆర్‌జీబీ కన్నా విశాలమైన రంగుల పరిధి) 98 శాతం. ఒకే యూఎస్‌బీ-సి కేబుల్‌లో బొమ్మ, 90 వాట్ల చార్జింగ్, వెనక యూఎస్‌బీ హబ్, ఈథర్‌నెట్ అన్నీ వస్తాయి. స్పీకర్లు లేవు. ఇది ఎవరికి కావాలంటే చీమకుర్తి గ్రానైట్ వాళ్లకి. బ్లాక్ గెలాక్సీ పలక ఫొటోలో ఉన్నది నల్లదనం, అందులో బంగారు రంగు మెరుపు చుక్కలు. 1000:1 తెర మీద ఆ నలుపు బూడిద రంగులోకి దిగిపోతుంది, చుక్క ఎంత దట్టంగా ఉందో తేలదు. 2000:1 తెర మీద నేల నల్లగా నిలబడి చుక్క పైకి తేలుతుంది. కొనేవాడు పలక ఎంచుకునేది ఆ చుక్క చూసే. వీఏ అనే ఇంకో రకం ప్యానెల్‌లో 3000:1 వస్తుంది కదా అంటారు. నిజమే, కానీ పక్క నుంచి చూస్తే రంగు మారిపోతుంది. బల్ల చుట్టూ ముగ్గురు నిలబడి చూసే చోట అది పనికిరాదు. ఇంకొక్క మాట, ఈ పీ3 తెరని అలాగే వదిలేస్తే విండోస్‌లో చాలా ప్రోగ్రాముల్లో రంగులు అతిగా కనపడతాయి. వాట్సాప్‌లో పంపే ఫొటోల పనికి మానిటర్ మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టుకోవాలి. టైపింగ్ మాత్రమే చేసేవాళ్లు దీనికి డబ్బు పోయక్కర్లేదు.

మానిటర్ ఎంత మంచిదైనా డబ్బాలో సరైన పోర్టు లేకపోతే 30 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. మౌస్ బాణం బురదలో నడిచినట్టు కదులుతుంటే కారణం అదే. హెచ్‌డీఎంఐ 1.4లో 4కె వస్తే 30 హెర్ట్జే వస్తుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ ఉండాలి. నెల్లూరు నుంచి చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లి సెకండ్‌హ్యాండ్ మినీ డబ్బాలు తెచ్చుకునేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. 8వ తరం ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ సొంతంగా ఇచ్చేది హెచ్‌డీఎంఐ 1.4 మాత్రమే. అలాంటి డబ్బాలో రెండు డిస్‌ప్లేపోర్టులు ఉంటేనే రెండు 4కె తెరలు 60లో నడుస్తాయి. ఒక డిస్‌ప్లేపోర్ట్, ఒక హెచ్‌డీఎంఐ ఉన్నది తీసుకుంటే ఒక తెర హాయిగా, రెండోది ఈడ్చుకుంటూ నడుస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చౌక పాసివ్ అడాప్టర్‌తో కూడా 30 దాటదు, యాక్టివ్ అని రాసి ఉన్నదే కావాలి. అసలు అడాప్టర్ లేకుండా డిస్‌ప్లేపోర్ట్ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి నేరుగా వేయడం అన్నిటికన్నా మేలు.

కొత్తగా కొనేవాటిలో ఇంటెల్ ఎన్100 డబ్బాలు చౌక. ఆ చిప్ 4కె 60లో మూడు తెరల దాకా నడపగలదు. అయితే చిప్ నడపగలిగినా పెట్టె తయారుచేసినవాడు ఆ పోర్టు పెట్టాడా అన్నది వేరే ప్రశ్న. ఒక్కొక్క పోర్టు పక్కన విడిగా ‘4కె 60’ అని రాసి ఉందేమో చూడండి. యూఎస్‌బీ-సి రంధ్రం ఉన్నంత మాత్రాన బొమ్మ రాదు, స్పెసిఫికేషన్లలో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే మాట ఉండాలి. ఎన్100కి మెమరీ దారి ఒక్కటే. టైపింగ్, బ్రౌజర్, టాలీ వరకు నడిచిపోతుంది. ఫొటోషాప్‌లో ఫ్లెక్సీ బ్యానర్లు వేసేవాళ్లు దాని జోలికి పోకూడదు.

అంతకన్నా పెద్ద ప్రాసెసర్ డబ్బాల్లో ర్యామ్ ఎలా వేయించారన్నది ముఖ్యం. విడి గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి తెర మీద బొమ్మ కూడా ర్యామ్ నుంచే వెళ్లాలి. ఒక 4కె ఫ్రేము సుమారు 33 ఎంబీ, సెకనుకి 60 సార్లు అంటే దాదాపు 2 జీబీ, రెండు తెరలకి 4 జీబీ. డీడీఆర్4-3200 స్టిక్ ఒక్కటే ఉంటే దాని మొత్తం వేగం సెకనుకి 25.6 జీబీ. ఖాళీగా బొమ్మ నిలబెట్టడానికే అందులో ఆరో వంతు దాకా పోవచ్చు. 16 జీబీ ఒకే స్టిక్‌గా కాకుండా 8, 8 రెండు స్టిక్కులు వేయిస్తే ఆ దారి రెట్టింపవుతుంది. షాపులో ‘తర్వాత ఇంకోటి వేసుకోవచ్చులే’ అని ఒక్క స్టిక్‌తో ఇవ్వబోతే ఒప్పుకోకండి.

యాపిల్ మ్యాక్ మినీ ఎం4 విషయం చూద్దాం. 2024 నవంబరులో వచ్చింది, మన దేశంలో మొదటి ధర 59,900. 12.7 సెంటీమీటర్ల చదరం, 5 సెంటీమీటర్ల ఎత్తు. వెనక థండర్‌బోల్ట్ పోర్టులు (యూఎస్‌బీ-సి ఆకారంలోనే ఉండే వేగమైనవి) మూడు, హెచ్‌డీఎంఐ ఒకటి. మూడు తెరల దాకా నడుపుతుంది, రెండు 4కెలు దానికి ఒక లెక్క కాదు. ముందువైపు ఉన్న రెండు యూఎస్‌బీ-సి రంధ్రాలకి మానిటర్ తగిలిస్తే బొమ్మ రాదు, వెనకవాటికే తగిలించాలి. పాత ఎం1 మినీ అయితే ఒక తెర థండర్‌బోల్ట్‌కి, ఇంకోటి తప్పనిసరిగా హెచ్‌డీఎంఐకి వేయాలి. యు2723క్యూఈలో ఒక మానిటర్ నుంచి ఇంకో మానిటర్‌కి గొలుసులా కేబుల్ వేసే వసతి ఉంది. అది విండోస్‌లో పనిచేస్తుంది. మ్యాక్‌లో రెండు తెరల్లోనూ ఒకే బొమ్మ వస్తుంది, కాబట్టి రెండు కేబుళ్లు విడివిడిగా వేసుకోవాలి. మ్యాక్‌కి ఫుల్ హెచ్‌డీ తెర అసలే వద్దు. 2018లో మోజావే అనే మ్యాక్ ఓఎస్ వెర్షన్‌తో అక్షరం అంచుల్ని రంగు ఉపపిక్సెళ్లతో నునుపు చేసే పద్ధతి తీసేశారు, అప్పటి నుంచి తక్కువ సాంద్రత తెరల మీద అక్షరం మసకే.

అను అనే తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్ మీద బతికే డీటీపీ సెంటర్లకి మాత్రం మ్యాక్ మినీ దారి కాదు. అక్కడ వాడేది విండోస్ సరుకు. విండోస్‌లో కూడా ఒక చిక్కు ఉంది. పేజ్‌మేకర్ పుట్టినప్పుడు 4కె తెరలు లేవు. 150 శాతం స్కేలింగ్‌లో తెరవగానే అక్షరాలన్నీ నూనె కాగితం చాటు నుంచి చూసినట్టు అలుక్కుపోతాయి. చాలామంది అక్కడే ‘4కె మనకి పనికిరాదు’ అని తీర్మానించేస్తారు. పేజ్‌మేకర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ, అందులో ‘ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’ తెరవండి. కింద ఓవర్‌రైడ్‌కి టిక్ పెట్టి ‘సిస్టమ్ (ఎన్‌హాన్స్‌డ్)’ ఎంచుకోండి. ‘అప్లికేషన్’ అని పెడితే అక్షరం పదునుగా వస్తుంది గానీ టూల్‌బాక్స్ బొమ్మలు ఆవగింజంత అయిపోతాయి. ఎన్‌హాన్స్‌డ్‌తోనూ తృప్తిగా లేకపోతే ఆ ప్రోగ్రాం నడిపే తెరని 200 శాతంలో పెట్టండి. 200లో ఒక పిక్సెల్ సరిగ్గా నాలుగు అవుతుంది కాబట్టి అంచులు చెదరవు. 150లో ఒకటిన్నరగా పంచాల్సి వచ్చి మసక పుడుతుంది.

అలాంటి పాత ప్రోగ్రాం కోసం తప్పనప్పుడు తప్ప, రెండు తెరలకీ ఒకే స్కేలింగ్ ఉంచడం మంచిది. పాత 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఎలాగూ ఉంది కదా అని కొత్త 4కె పక్కన పెట్టుకుంటే, విండో ఒక తెర నుంచి ఇంకోదానికి జరపగానే సైజు మారుతుంది. బాణం అంచు దగ్గర కిందికో పైకో దూకుతుంది. తెల్లకాగితం ఒక తెరలో పసుపు, ఇంకోదాంట్లో నీలం. ఒకే మోడల్, వీలైతే ఒకేసారి కొన్న జత అయినా రెండింటిలో రంగు ఉష్ణోగ్రత 6500 దగ్గర పెట్టి, కాంతి ఒకదానికొకటి సరిచూసుకోవాలి. గది వెలుతురులో తెల్లకాగితం తెర పక్కన పట్టుకుని రెండూ ఒకేలా ఉండేవరకు తగ్గించుకుంటే సాయంత్రానికి కళ్లు మండవు.

కేబుల్ రెండు మీటర్లు మించనివ్వకండి. హెచ్‌డీఎంఐ అయితే ‘ప్రీమియం హై స్పీడ్’ ముద్ర ఉన్నది, 120 హెర్ట్జ్ తెరకి ‘అల్ట్రా హై స్పీడ్’ ముద్ర ఉన్నది తీసుకోండి. అరక్షణం తెర నల్లబడి మళ్లీ రావడం, చుక్కలు మెరవడం జరిగితే ముందు కేబుల్ మార్చి చూడాలి, మానిటర్‌ని తిట్టడం ఆ తర్వాత. తగిలించాక సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి రెండు తెరలకీ 3840×2160, 60 హెర్ట్జ్ అని ఉందో లేదో కళ్లతో చూసుకోండి. యు2723క్యూఈ ఒకే కేబుల్‌తో వేసినప్పుడు 30 చూపిస్తే, మానిటర్ మెనూలో యూఎస్‌బీ-సి ప్రాధాన్యం ‘హై రిజల్యూషన్’కి మార్చండి. నిద్ర నుంచి లేచాక విండోలన్నీ ఒకే తెర మీద కుప్పగా పడుతుంటే విండోస్ 11లో ‘రిమెంబర్ విండో లొకేషన్స్’ టిక్ ఉండాలి.

బల్ల సంగతి. ఒక్కో మానిటర్ 61 సెంటీమీటర్లు, రెండు కలిపి 122, అంటే సరిగ్గా నాలుగు అడుగులు. నాలుగడుగుల బల్ల మీద ఇంకేమీ పట్టదు, ఐదడుగులది చూసుకోండి. కంటికీ తెరకీ మధ్య 60 నుంచి 70 సెంటీమీటర్లు ఉండాలి. స్టాండు పాదం ఆ దూరాన్ని తినేస్తుంది, అందుకే లోతు తక్కువ బల్లలకి ఆర్మ్ నయం. ప్రకాశం జిల్లాలో గ్రానైట్ పలక బల్లలు మామూలే. పలక 18 మిల్లీమీటర్లు ఉంటే ఆర్మ్ క్లాంపు పడుతుంది గానీ పైనా కిందా రబ్బరు, కింద ఒక ఉక్కు రేకు వేసి, చేత్తో బిగించినంతే బిగించాలి. స్పానర్ వేసి తిప్పితే అంచు పెచ్చు లేస్తుంది. బయటికి సాగిన అంచుకి కాకుండా కింద కాళ్ల ఆధారం ఉన్నచోట బిగించండి.

చిన్న డబ్బాని మానిటర్ వెనకే తగిలించేస్తే బల్ల ఖాళీ అవుతుంది, నిజమే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో ఏసీ లేని గదిలో మాత్రం తెర వేడి, డబ్బా వేడి ఒకదానికొకటి తోడవుతాయి. గాలి బయటికి పోయే రంధ్రాలు పైవైపుకి ఉండేలా బిగించండి. అక్కడే వైర్‌లెస్ మౌస్ డాంగిల్ యూఎస్‌బీ 3 పోర్టుకి గుచ్చితే మౌస్ తడబడుతుంది, ఎందుకంటే ఆ పోర్టు చేసే రొద 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పడుతుంది. ఒక అడుగు ఎక్స్‌టెన్షన్ వేసి డాంగిల్‌ని ముందుకి తెచ్చుకుంటే కుదురుకుంటుంది.

కరెంటు లెక్క చిన్నదే. మ్యాక్ మినీ ఎం4 గరిష్ఠంగా 65 వాట్లు, మానిటర్లు ఒక్కోటి 30 నుంచి 40. 600 వీఏ యూపీఎస్ మీద ఫైలు సేవ్ చేసుకుని దించేంత సమయం దొరుకుతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. ఎకో మోడ్‌లో మార్పు ఆలస్యమై డబ్బా రీస్టార్ట్ అవుతుంది. వోల్టేజీ బాగా పడిపోయే ఊళ్లలో యూపీఎస్ మోడ్ మాటిమాటికీ బ్యాటరీ ఎక్కుతుంది, అక్కడ స్టెబిలైజర్ తప్పదు. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పు గాలికి పోర్టుల లోహం తుప్పు పడుతుంది, వాడని పోర్టులకి రబ్బరు మూతలు పెట్టండి.

కొనేటప్పుడు షాపులోనే నోట్‌ప్యాడ్ తెరిపించి 9 పాయింట్లలో అర్థం, అర్ధం, బాధ, ఢక్కా, జ్యోత్స్న అని టైపు చేసి మీరు కూర్చునే దూరం నుంచి చదవండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె విప్పడం వీడియో తీయండి. మొదటి రోజే తెర నిండా నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి పెట్టి చూడండి. గదిలో లైటు తీసి నల్ల తెర చూసినప్పుడు మూల తెల్లబడితే తల పక్కకి జరపండి. తలతో పాటు ఆ తెలుపు కూడా జరిగితే అది ఐపీఎస్ సహజ గుణం, మానిటర్ మార్చరు. కదలకుండా అక్కడే ఉంటే వెలుతురు కారుతున్నట్టు, వాపసు గడువులోనే పంపేయాలి. డెల్ అల్ట్రాషార్ప్ వరుసకి (యు2723క్యూఈ ఆ వరుసదే) వెలిగిపోయే పిక్సెల్ ఒక్కటి ఉన్నా మార్చిచ్చే హామీ ఉంది.

కాంపోజిషన్ స్కీములో కాకుండా మామూలు పద్ధతిలో జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లు అది బిల్లు మీద వేయించుకుంటే 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ కింద వస్తుంది. 32 అంగుళాలు దాటిన మానిటర్లకి కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 28 పోయి ఇదే 18 అయింది. అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ వారంటీ ఉన్నన్నాళ్లూ అటక మీద ఉంచండి. ప్యానెల్‌ని వట్టి దుప్పటిలో చుట్టి బస్సులో సర్వీస్ సెంటర్‌కి పంపితే దార్లో పగిలినదానికి వారంటీ వర్తించదు.